అడుగు లేని కూజా

పోయిన వారం మిమ్మల్ని నేలమాళిగ మెట్ల మీద నిలబెట్టి వెళ్ళిపోయాను. మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి కిందికి దిగుతాను.

నా పేరు వెర్నెల్ జోడన్. సవానా అనే రేవు ఊళ్ళో, నదికి కాస్త ఇవతల, ఓక్ చెట్లు కమ్ముకున్న పార్కు పక్కనున్న థార్న్‌విక్ భవనంలో గైడుని. ఒకప్పుడు అది పత్తి వ్యాపారి ఇల్లు. ఆ గోడలు బానిసలైన మా నల్లవాళ్ళలో ఎవరు కట్టారో, ఆ వంటింట్లో ఎవరు వండారో, అందులోంచి ఎవరెవరిని అమ్మేశారో ఉన్నదున్నట్టు చెప్పడం నా పని. ఇల్లు కొత్తగా కొన్న ట్రెంట్ హాలోవేకి ఉన్నది చాల్లేదు. నేలమాళిగలో దెయ్యాన్ని పెట్టాడు. అదీ చాలక, ఊరవతల ఉప్పుటేటి ఒడ్డున ఉన్న మా కాకిల్ క్రీక్ పల్లె సమాధుల తోటకి చీకటి పడ్డాక టూరిస్టు బస్సులు తిప్పుతానంటున్నాడు. రేపు ఆదివారం ఆరాధన కాగానే మా చర్చి సంఘం చేతులెత్తి ఒప్పుకోవాలో వద్దో తేలుస్తుంది. ఆ తోటలో మా అమ్మ ఉంది. ఒక్క బస్సు కూడా అటు రాకూడదని నేను ఇంటింటికీ తిరిగి బతిమాలాను. హాలోవే ఎక్కడికీ తిరగలేదు. ఇవాళ శనివారం మధ్యాహ్నం సంఘం పెద్దలందరినీ పిలిచి, చల్లటి తీపి టీ పోసి, పెకాన్ గింజల మిఠాయి పెట్టి, టికెట్టు లేకుండా తన దెయ్యాన్ని చూసి పొమ్మన్నాడు.

మెట్లు దిగుతుంటే ముందు వాసన కొట్టింది. మాడిన చక్కెర, దాని అడుగున తడికుక్క కంపు. గోడకి బిగించిన చిన్న పెట్టె ఒకటి బుస్సుమని ఊదుతోంది.

"పాతకాలపు వంటింటి వాసన," అన్నాడు హాలోవే, కొత్త అల్లుడిలా మురిసిపోతూ. "ప్రత్యేకంగా చేయించి తెప్పించాను."

ఈ ఊరి కంపులన్నీ నాకు తెలుసు. గాలి మళ్ళితే కాగితం మిల్లు కొడుతుంది. ఏట్లో పోటు తగ్గి నీళ్ళు వెనక్కి పోయినప్పుడు బురద కొడుతుంది. శనివారం తాగినవాళ్ళు కక్కింది ఆదివారం పొద్దున నది వీధి రాళ్ళ మధ్య కొడుతుంది. అవన్నీ ఎలాగో భరిస్తూ పెరిగాను. డబ్బిచ్చి తెచ్చుకుని గోడకి తగిలించుకున్న కంపుని మాత్రం ఇప్పుడే చూస్తున్నాను.

ఊరు అందమైంది కాదని నేననను. సాయంత్రం పూట కొండంత ఓడ ఇళ్ళ కప్పుల వెనక నుంచి మెల్లగా జరిగిపోతుంటే ఇక్కడే పుట్టి పెరిగిన నేనూ ఆగి చూస్తాను. కానీ ఆ అందాన్ని అమ్మడం మొదలయ్యాక దేనికీ అంతు లేకుండా పోయింది. శవాలు మోసే బండికి పైకప్పు కోసేసి, బీరు గ్లాసులు పట్టుకున్న జనాన్ని అందులో కూర్చోబెట్టి వీధులన్నీ తిప్పుతారు. దెయ్యాలు లోపలికి రాకుండా మా అమ్మమ్మలు వరండా పైకప్పుకి వేసుకున్న నీలం రంగుని చిన్న సీసాల్లో పోసి, తాళంచెవుల గొలుసుల పక్కన పెట్టి అమ్ముతారు. మా థార్న్‌విక్ భవనం కొట్లో కూడా అమ్ముతున్నారు. రోజూ ఆ సీసాల ముందు నుంచే నేను పనిలోకి వెళ్తాను, రోజూ నాకు రోతే.

నేలమాళిగలో ఎర్రదీపాలు వెలిగాయి. మూలన ఒక మైనపు బొమ్మ. తలకి గళ్ళ గుడ్డ, ఒంటి ముందు కట్టిన వంటింటి తువ్వాలు, నల్లగా నిగనిగలాడే మొహం, చెవుల దాకా చీల్చిన నోరు, జానెడు గోళ్ళు. స్పీకర్లోంచి ఆడగొంతు ఒకటి కిసకిసా నవ్వి, "రండి బాబులూ, దైనా పాలు తాగిపోండి," అంది. మా మాట యాసని వెక్కిరిస్తూ ఎవరో తెల్లపిల్ల మాట్లాడిన గొంతు అది.

నా పక్కన జెరూషా పెద్దమ్మ, మా అమ్మకి అక్క, కర్ర మీద వాలి బొమ్మని పైనుంచి కిందికి చూసింది. మా పల్లెలో ఆమె కన్నా పెద్దవాళ్ళు మిగల్లేదు. ఆమె నోటికి జడవనివాళ్ళూ మిగల్లేదు.

"ఎవర్తే ఇది?"

"దైనా అట పెద్దమ్మా. వంటమనిషి."

"వంటమనిషా! ఆ గోళ్ళతో పిండెలా పిసికిందే? ఆ నోరేంటి, ఎలుగుబంటికి పెట్టాల్సింది!"

"ఊరుకో జెరూషా," అన్నాడు డీకన్ లెమ్యుయల్ మామ. "ఆయన ముచ్చటపడి చేయించుకున్నాడు."

లెమ్యుయల్ మామ మా సంఘానికి పెద్ద. సమాధుల తోట గేటు తాళం ఆయన దగ్గరే ఉంటుంది. ఎవరు పోయినా గొయ్యి దగ్గర ప్రార్థన ఆయనదే. నిన్నటిదాకా ఆయన నా వైపేనని నమ్మాను. ఇవాళ మెట్ల మీద హాలోవే ఆయన భుజం మీద చెయ్యి వేసి దించుకురావడం చూశాక నమ్మకం కొంచెం సడలింది.

హాలోవే బొమ్మ పక్కకి వెళ్ళి గొంతు తగ్గించాడు. పూర్వం ఈ ఇంట్లో దైనా అనే వంటమనిషి పాలల్లో విషం కలిపి యజమాని కుటుంబాన్ని చంపిందట. యజమాని చచ్చేముందు ఆ పాలకూజాని నేలకేసి కొడితే అడుగు ఊడిపోయిందట. ఇప్పటికీ చీకట్లో దైనా ఆ అడుగు లేని కూజాలోంచి పాలు పోస్తూనే ఉంటుందట.

ఈ ఇంటి కాగితాలన్నీ నేను చదివాను. ఏ దైనా ఎవరికీ విషం పెట్టలేదు. ఆ కథ హాలోవే పైన భోజనాల గదిలో, నేను చూస్తుండగా, ఉడకబెట్టిన గుడ్డు తింటూ అల్లాడు. పేరు ఏం పెడదామని కాసేపు ఆలోచించి, చచ్చిపోయిన తన కుక్క పేరు పెట్టాడు. ఈ ముక్క నేను సంఘంలో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నాకే నోరు రాలేదు.

"భయపడకండి," అని నవ్వాడు హాలోవే. "మీ తోటలో బొమ్మలేం పెట్టం. అక్కడ అంతా పద్ధతిగా, గౌరవంగా ఉంటుంది. లాంతర్లు పట్టుకుని నడవడం, రెండు కథలు చెప్పడం, అంతే. బస్సులు మళ్ళించుకోవడానికి ఏటి పక్కన జాగా కూడా చదును చేయించాం. డీకన్ గారి దయ."

"రేపు కదా చేతులెత్తేది?" అన్నాను. "ఇవాళే చదునెలా చేశారు?"

"తోట బయటి జాగాలే అమ్మా," అన్నాడు లెమ్యుయల్ మామ నా వైపు తిరక్కుండా. "ముళ్ళపొదలు కొట్టించాం. దానికీ ఓట్లెందుకు?"

మాట తేలకముందే హాలోవే ఒక మీట నొక్కాడు. గోడలో ఒక అద్దాల పెట్టె వెలిగింది. "ఇదిగోండి! దైనా కూజా. బొమ్మ నాది. ఇది మాత్రం అసలుది."

తెల్లటి పింగాణీ కూజా. మెడ చుట్టూ నీలం గీత. పిడి దగ్గర పసుపుపచ్చగా ఒక అతుకు.

ఆ అతుకు మా నాన్న వేశాడు. చిన్నప్పుడు నేను కూజా పడేస్తే, పడవ చిల్లులు పూడ్చే జిగురు తెచ్చి పిడి అతికించాడు. ఆ కూజా అమ్మ బ్రాటన్ వీధి కొట్లో కొనుక్కుంది. రొయ్యలు వలిచి వలిచి ఆమె వేళ్ళు వంకర్లు పోయాక గ్లాసు పట్టుకోలేక, రెండు చేతుల్తో కూజానే ఎత్తి తాగేది. మంచాన పడ్డాక కూడా అందులోనే తాగింది. ఆఖరుగా అడవి ఆకు కషాయం నేను పట్టింది అందులోనే.

మాలో మనిషి పోతే ఆఖరున వాడిన గిన్నె ఇంట్లో ఉంచుకోం. దాన్ని పగలగొట్టి సమాధి మీద పెడతాం, పోయినవాళ్ళ వెనక ఇంట్లోంచి ఇంకొకరు వెళ్ళకుండా ఆ తెగతెంపు అక్కడితో అయిపోవాలని. అమ్మ కూజా అడుగు నేనే కొట్టాను, ఆల్చిప్పలు విడగొట్టే సుత్తితో. ఒక్క దెబ్బకి అడుగు గుండ్రంగా, రొట్టెముక్కలా ఊడొచ్చింది. జెరూషా పెద్దమ్మ ఆ ముక్కని తీసుకుని, శవపేటిక గోతిలోకి దించాక, ఇంకా మట్టి వేయకముందు, గోతిలో ఉన్న మనిషికి వంగి అందించి మూత మీద పెట్టించింది. తర్వాత గొయ్యి పూడ్చారు. కూజాని పైన, సమాధి మీద పేర్చిన శంఖాల మధ్య నిలబెట్టాం. ఇది జరిగి రెండేళ్ళు.

అలా పెట్టినదాన్ని మావాళ్ళెవరూ ముట్టుకోరు. గాలికి పడిపోయినా లేపి నిలబెట్టరు. దొంగతనం వృత్తిగా పెట్టుకున్నవాడు కూడా మాలో ఆ పని చెయ్యడు.

చేతిలో మిగిలిన మిఠాయిని మెట్టు మీద పడేశాను. ఎర్రదీపం కింద అమ్మ కూజా, దాని ముందు అట్టముక్క మీద 'హంతకురాలి చేతి కూజా' అని వంకర అక్షరాలు, పక్కనే ఆ బొమ్మ పళ్ళు.

"పెద్దమ్మా," అన్నాను. "చూడు."

ఆమె చూసింది. కర్ర చప్పుడు చేసుకుంటూ అద్దం దాకా వెళ్ళింది. ముక్కు అద్దానికి తగిలేలా వంగింది.

"ఇది లావినియాది," అంది. "ఇది నా చెల్లెలిది."

"ఏదో పొరపాటు పడుతున్నట్టున్నారు," అన్నాడు హాలోవే. "ఇలాంటి కూజాలు చాలా..."

"మూసుకో నాయనా నోరు!" అంది పెద్దమ్మ. "మా మరిది వేసిన అతుకు నేను పోల్చుకోలేననుకున్నావా? చచ్చినదాని మీంచి ఎత్తుకొచ్చి దానికి నీ పిచ్చికథ తగిలిస్తావా? నా చెల్లెలు ఎవడికి పెట్టింది రా విషం? జీవితమంతా మీ హోటళ్ళకి రొయ్యలు వలిచింది, ఒక్కడికైనా కడుపునొప్పి వచ్చిందా?"

"నేనెత్తుకురాలేదండీ!" హాలోవే నిజంగానే కంగారుపడ్డాడు. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "నాకు పద్ధతిగా ఇచ్చారు. మీ సంఘమే ఇచ్చింది. డీకన్ గారూ, మీరైనా చెప్పరేం?"

అందరం ఆయన వైపు తిరిగాం. లెమ్యుయల్ మామ టోపీ తీసి రెండు చేతుల్తో అంచు తిప్పుతూ నిలబడ్డాడు. ఆయన మాట్లాడటం మొదలుపెడితే ఎప్పుడూ తొందరుండదు. ఇప్పుడూ లేదు.

"నేనే ఇచ్చాను," అన్నాడు. "చెప్తాను, విను వెర్నెల్. ముందు తిట్టకు. పోయిన శరదృతువులో తుఫానొచ్చిందా? ఏటి వైపు వరసంతా నీళ్ళు కొట్టాయా? కూజాలు, దీపాలు, గాజుసామాను అంతా చెల్లాచెదరై బురదలో పడ్డాయి. కొన్ని ఏట్లో కొట్టుకుపోయాయి. అట్లా వదిలెయ్యమంటావా? ఏట్లో పోయేకంటే అద్దాల పెట్టెలో ఉంటే నయం కదా అనుకున్నాను. ఈయన మన పూర్వీకుల వస్తువులు భద్రంగా పెడతానన్నాడు. ఇట్లా బొమ్మ పక్కన పెడతాడని నాకేం తెలుసు?"

"నువ్వు ముట్టుకున్నావా మామా? సమాధి మీద వస్తువుని, చేత్తో?"

"ఛ! నా చేత్తోనా?" ఆయన మొహంలో నిజమైన అసహ్యం కనిపించింది. "నేనా పని చేస్తానా? బయటి పనివాళ్ళని పెట్టాను. వాళ్ళే ఏరారు, వాళ్ళే పెట్టెలో వేసి మేకులు కొట్టారు. నేను మూత తీసి చూడనైనా చూడలేదు. ఎట్లా ఇచ్చారో అట్లా పంపించేశాను. దేవుడే సాక్షి."

ఆ మాట నిజమని నాకు తెలిసిపోయింది. మావాళ్ళెవరైనా అలాగే చేస్తారు. తుఫాను తర్వాత ఏటి వైపు నేల మెత్తబడింది, కాలు దిగబడుతుంది అని ఆయన అక్కడ తాడు కట్టించినప్పుడు మాలో ఒక్కరం కూడా దాటి చూడలేదు. సమాధుల దగ్గర అనవసరంగా తచ్చాడకూడదని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నాం. నేనూ తాడు ఇవతలే నిలబడి అమ్మకి దణ్ణం పెట్టుకుని వచ్చేసేదాన్ని.

పెద్దమ్మ భుజాలు జారాయి. కోపం దిగినట్టుంది. వెనక నుంచి ఎవరో, "పాపం, మంచికే చేశాడు," అన్నారు. ఇంకెవరో, "తుఫానుకి ఎవరేం చేస్తారు," అన్నారు. అలా అంటూనే మిఠాయి పళ్ళెం వైపు చెయ్యి చాపారు. నాకది చూస్తే ఒళ్ళు మండింది. రేపటి చేతులన్నీ లేవడం నా కళ్ళకి కనిపించింది.

"కూజా ఇచ్చెయ్యండి," అన్నాను హాలోవేతో. "ఇప్పుడే. ఈ అద్దం తీసి నా చేతికివ్వండి."

"తప్పకుండా! ఎంత మాట!" ఆయన ఊపిరి తీసుకున్నాడు. గండం గడిచిందనుకున్నాడో ఏమో, గబగబా తాళం తీశాడు. కూజాని రెండు చేతుల్తో ఎత్తి నాకందించాడు. అమ్మ పట్టుకునే చోటే పట్టుకున్నాను. చల్లగా, అనుకున్నదానికంటే తేలిగ్గా ఉంది. లోపలి నుంచి చూస్తే అటు వైపు ఎర్రదీపం కనిపించింది.

ఆ మనిషి అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. మంచివాడనిపించుకోవాలన్న ఆత్రం కొందరిని నిలవనివ్వదు.

"అసలు నేనెంత జాగ్రత్తగా ఉంచానో మీకు చూపించాలి," అంటూ అద్దాల పెట్టె కింది సొరుగు లాగాడు. "మామూలుగా ఇలాంటి వాటికి పగిలిన ముక్క దొరకదు. దీనికి దొరికింది! రేపు రాత్రి ప్రదర్శన ఆఖరున బయటికి తీసి, జనం ముందు కూజాకి అతికించి చూపిద్దామనుకున్నాను. పెట్టెలో కూజాతోపాటే వచ్చింది."

నీలం మఖమలు గుడ్డ విప్పాడు. అందులో గుండ్రటి తెల్లముక్క ఉంది. రొట్టెముక్కలా.

నాకు వెంటనే అర్థం కాలేదని చెప్పాలి. ముక్కని తీసుకున్నాను. కూజాని తిరగేసి దాన్ని అడుగున పెట్టాను. నా సుత్తి దెబ్బ అంచు చుట్టూ ఎక్కడెక్కడ చిట్లిందో అక్కడక్కడే కుదురుకుంది. టక్కున చప్పుడైంది. ముక్క పక్కన ఎండిన మట్టి గోటికి తగిలింది. ఏటి బురద నల్లగా ఉంటుంది. ఇది నల్లగా లేదు. తోట లోతుల్లో ఉండే పసుపు ఇసుక.

"పెద్దమ్మా," అన్నాను. "ఆ ముక్క నువ్వెక్కడ పెట్టించావు?"

పెద్దమ్మ నా చేతుల్లోకి చూసింది. తర్వాత కర్ర జారి నేల మీద పడింది.

"పేటిక మూత మీద," అంది. "మట్టి కింద. నేనే పెట్టించాను. లెమ్యుయల్, నువ్వు ప్రార్థన చదువుతున్నావు. నువ్వు చూశావు."

మిఠాయి నములుతున్న నోళ్ళు ఆగాయి. స్పీకర్లో దైనా మళ్ళీ మొదలుపెట్టింది, "రండి బాబులూ, దైనా పాలు తాగిపోండి," అని. ఎవరూ దాన్ని ఆపలేదు.

తుఫాను నీళ్ళు పైనున్న కూజాని పడగొట్టగలవు. శంఖాలని కొట్టుకుపోగలవు. మనిషి లోతు మట్టి తీసి, పేటిక మూత మీది ముక్కని ఏరి, పెట్టెలో పెట్టి మేకులు కొట్టలేవు. లెమ్యుయల్ మామ ఆ పెట్టె మూత తీసి చూసి ఉంటే ఈ ముక్క ఏట్లో పారేయించేవాడు. మనకి ఎప్పటికీ తెలిసేది కాదు. చచ్చినవాళ్ళ వస్తువు ముట్టుకోకూడదన్న భయం ఆయన్ని పట్టిచ్చింది. చచ్చినవాళ్ళని తవ్వించడానికి మాత్రం ఏ భయమూ అడ్డురాలేదు.

తాడు కట్టిన వరస. పనివాళ్ళు. ఏటి పక్కన చదును చేసిన జాగా. బస్సులు మళ్ళే చోటు, అమ్మ ఉన్న వరస మీదే.

కూజాని గుండెకి అదుముకుని ఆయన ముందుకి వెళ్ళి నిలబడ్డాను. నన్ను తొట్టెలో పడుకోబెట్టి పేరు పెట్టిన మనిషి. మా అమ్మ గోతి మీద నిలబడి ఏడ్చిన మనిషి. ఆయన దగ్గర సబ్బు వాసన వచ్చింది. శుభ్రంగా స్నానం చేసి వచ్చాడు.

"డీకన్ మామా," అన్నాను. "మా అమ్మ ఇప్పుడెక్కడుంది?"

ఆయన నా మొహం చూడలేదు. హాలోవే మొహం చూశాడు.